ఎనిమిది వందల మాటలకు ఒక మార్కు తక్కువ

పెళ్లయి నలభై మూడు రోజులైంది. మా పడకగదిలో ముగ్గురం ఉంటున్నాం. నేను, మా ఆయన, పసుపు అట్ట వేసిన ఒక లావుపాటి పుస్తకం. అందులో మూడు వేల రెండు వందల ఇంగ్లీషు మాటలున్నాయి. కొత్త పెళ్లాం ముఖం కన్నా ఆ అట్ట ముఖమే ఆయన ఎక్కువసేపు చూస్తారు. నమ్మకపోతే గడియారం పెట్టి లెక్కేసుకోండి.

మా ఆయన ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. విరిగి అతుక్కున్న కాళ్లతో మళ్లీ మెట్లెక్కించడం ఆయన పని. నాలుగేళ్లుగా పై చదువు కోసం తిరుగుతున్నారు. మా ఊరి విశ్వవిద్యాలయమే ఈసారి సీటిచ్చింది, ఒక మెలిక పెట్టి. ఇంగ్లీషు పరీక్షలో, చదివి అర్థం చేసుకునే భాగంలో, ముప్పైకి ఇరవై నాలుగు రావాలి. నెలాఖరులోగా ఆ మార్కు చూపించకపోతే సీటు వరసలో ఉన్న తర్వాతి మనిషికి పోతుంది. పెళ్లికి ముందు రాస్తే పంతొమ్మిది వచ్చింది. పెళ్లయ్యాక, పసుపు పుస్తకంలోంచి ఎనిమిది వందల మాటలు కొత్తగా బట్టీపట్టి రాస్తే పద్దెనిమిది వచ్చింది. ఇక మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం, మూడు వారాల్లో.

"ఎనిమిది వందల మాటలు నేర్చుకుంటే ఒక మార్కు తగ్గడమేంటండీ?" అన్నాను.

"చాల్లేదన్నమాట. ఇంకో ఎనిమిది వందలు పట్టాలి."

"అప్పుడు పదిహేడొస్తుందా?"

ఆయన నవ్వలేదు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ సొట్ట కోసం నేను రోజంతా జోకులు పోగుచేసుకుని ఇంటికొస్తాను. ఈ పరీక్ష గొడవ మొదలైనప్పటి నుంచీ అది సెలవు పెట్టింది.

ఇల్లంతా అట్టముక్కలు. అద్దానికి, బీరువాకి, చివరికి స్నానాల గదిలో బకెట్‌కి కూడా. ముందు వైపు ఇంగ్లీషు మాట, వెనక దాని తెలుగు అర్థం. ఆ తెలుగు ఆయన తాతగారి నాటి నిఘంటువులోంచి దింపింది. రోజూ ఉదయం ఏడింటికి మా అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని, బడి పిల్లల చొక్కాలకు కాజాలు కుడుతూ కొడుక్కి పరీక్ష పెట్టేవారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అందుకని వెనక వైపు చదివేవారు.

"చంటీ, క్షణభంగురము."

"ఎఫిమరల్."

"అంటే ఏంట్రా?"

"అదేనమ్మా, క్షణభంగురము."

"అది నేను చదివిందే కదరా. అంటే ఏంటని అడుగుతున్నా."

"అంటే... ఎఫిమరల్."

అత్తగారు దారం పళ్లతో తెంపి నా వైపు చూశారు. "అమ్మాయ్, వీడు గుమ్మంలోంచి బయటికెళ్లి కిటికీలోంచి లోపలికొస్తున్నాడు. నువ్వేమైనా చెప్తావా?"

"నన్ను లాగకండి అత్తయ్యా, నాకు దుకాణానికి టైమైంది," అని చెప్పి చెప్పులేసుకున్నాను. నిజానికి నాకూ ఒళ్లు మండుతోంది. రాత్రి నిద్దట్లో నా భుజం మీద చెయ్యేసి ఎంతో ప్రేమగా "దృఢగ్రాహకము" అన్నారు. కొత్త పెళ్లికూతురు వినాల్సిన మాటేనా అది?

నేను కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షిస్తాను. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, అక్షరాల బోర్డు చదివిస్తూ, వాళ్ల నోటికన్నా కళ్లనే ఎక్కువ చూస్తాను. కన్ను ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి మళ్లింది అని చూడటమే మా పని. ఆ అలవాటు ఇంట్లో ఎందుకు వాడలేదో నాకే తెలీదు. పెళ్లయిన కొత్తలో మొగుడి కళ్లు వేరే కారణాలకు చూస్తాం కదా.

ఆదివారం పొద్దున బాల్కనీలో ఎండ పడుతోంది. ఆయన పాత ప్రశ్నపత్రం ముందేసుకుని చదువుతున్నారు. పాతకాలం ఓడల్లో నావికులు రాసుకున్న దినచర్య పుస్తకాల మీద ఒక వ్యాసం అది. నేను ఎదురుగా టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. రెండు లైన్లు సాఫీగా వెళ్లిన కళ్లు టక్కున ఆగాయి. బుగ్గ మీద సొట్ట పడింది! నేను టీ ఒలకబోసుకున్నాను. మళ్లీ లైనున్నర, మళ్లీ ఆగడం, మళ్లీ సొట్ట. వ్యాసం పూర్తయ్యేసరికి ఏడుసార్లు ఆగి ఏడుసార్లు మురిసిపోయారు.

"ఎందుకు నవ్వుతున్నారు?"

"ఇదిగో, కరాబరేట్! మొన్న మంగళవారం నేర్చుకున్నా. ఇక్కడ చూడు, అంబిగ్యుయస్. ఇది బకెట్ మీదున్నది."

పెళ్లి పందిట్లో చుట్టాలు కనబడ్డట్టు ఒక్కో మాట దగ్గరా ఆగి పలకరించి వస్తున్నారు మహానుభావుడు.

"సరే. ఆ కాగితం బోర్లా పెట్టండి. వ్యాసంలో ఏం చెప్పారు?"

"ఓడలు... నావికులు... వాతావరణం గురించి ఏదో కరాబరేట్..."

"ఎవరు, దేన్ని?"

ఆయన చెయ్యి బోర్లా పెట్టిన కాగితం వైపు పాకింది.

"ఏడు మాటలకు అర్థాలు చెప్పమంటే చెప్తారు. వ్యాసానికి మాత్రం చెప్పలేరు. మీరు చదవట్లేదండీ, హాజరు వేస్తున్నారు!" అని అరిచేశాను. పెళ్లయ్యాక అరవడం అదే మొదటిసారి. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆయన ముఖం చిన్నబోయింది. "నాలుగేళ్లు. ఇది కూడా పోతే ఇంక నేను అడగను. ఆ మోకాళ్లు వంచుకుంటూ అక్కడే ఉండిపోతా," అన్నారు నెమ్మదిగా. నాకు అరిచినందుకు ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు కోపమొచ్చింది. కాగితం లాక్కుని అత్తగారి దగ్గరికి తీసుకెళ్లాను.

"అత్తయ్యా, ఇవాళ్టి నుంచి అట్టముక్కలు అడగొద్దు. మీ అబ్బాయి ఒక వ్యాసం చదివి మీకు చెప్తారు. నిఘంటువు తెలుగు ఒక్క ముక్క వాడినా ఒప్పుకోకండి. మీకు అర్థం కాకపోతే మళ్లీ చదవాల్సిందే."

"నాకెందుకమ్మా ఓడల గొడవ?" అంటూనే ఆవిడ మిషను ఆపారు.

ఆయన గొణిగారు, సణిగారు, మళ్లీ చదివి వచ్చి మొదలుపెట్టారు. "వెనకటికి నావికులు రోజూ గాలెటుంది, ఎండెలా ఉంది అని పుస్తకంలో రాసేవాళ్లమ్మా. వాటిని బట్టి అప్పటి వాతావరణం కనుక్కోవచ్చని ఒకాయన అంటాడు."

"వాళ్లు తప్పు రాసుంటే?"

"అదే రెండో ఆయన అడిగేది."

"దానికి మొదటాయన ఏమంటాడు?"

ఆయన కాగితం కోసం పరుగెత్తారు. తిరిగొచ్చి, "ఒకే రోజు పక్కపక్కన వెళ్లిన రెండు ఓడల పుస్తకాలు పోల్చి చూశారట. రెండూ ఒకే మాట చెప్తే నమ్మొచ్చంటాడు. ఒకదానికొకటి సాక్ష్యం చెప్పినట్టన్నమాట," అన్నారు. అని, అక్కడే నిలబడిపోయారు. "అమ్మా, కరాబరేట్ అంటే అదే!"

"ఏదైతే నాకేంట్రా. మరి రెండు ఓడలవాళ్లూ కలిసి అబద్ధం రాస్తే?"

నేను ఆ కాగితం కింద ఉన్న ప్రశ్నలు చూశాను. నాలుగో ప్రశ్న అదే. అత్తగారి అనుమానాన్ని కాస్త ఇస్త్రీ చేసి ఇంగ్లీషులో అచ్చేశారంతే.

అక్కడితో ఆయన దారిలో పడ్డారనుకుంటే మీకు మా ఆయన తెలియదన్నట్టే. బుధవారం స్నానాల గదిలో నలభై నిమిషాలున్నారు. తలుపు కొడితే నీళ్ల చప్పుడు మొదలైంది. బయటికొచ్చిన మనిషి జుట్టు పొడిగా ఉంది, బనియన్‌లోంచి పదహారు అట్టముక్కలు జారాయి.

"సిగరెట్లు దొరికినా ఇంత బాధపడేదాన్ని కాదు," అన్నాను.

"పరీక్షలో తెలియని మాటొస్తే?"

"ఆసుపత్రిలో తెలియని నొప్పితో మనిషొస్తే ఏం చేస్తారు? పేరు తెలిసేదాకా ముట్టుకోరా?"

"చుట్టూ నొక్కి చూస్తాం," అన్నారు. అట్టముక్కలు నా చేతిలో పెట్టి వెళ్లి జుట్టు తడుపుకొచ్చారు, ఎందుకో మరి.

ఆ మూడు వారాల్లో మా అత్తగారు పాత సిరా కాగితాన్ని ఎలా తినేస్తుందో, పక్షులు చుక్కలు చూసి దారెలా పట్టుకుంటాయో తెలుసుకున్నారు. కాజాలు ఆలస్యమై బడివాళ్లు రెండుసార్లు మనిషిని పంపారు. ఇంటి పరీక్షల్లో ఆయనకు ఇరవై ఒకటి వచ్చింది, ఇరవై రెండు, ఇరవై మూడు, మళ్లీ ఇరవై మూడు. ఇరవై నాలుగు మాత్రం ఒక్కసారీ రాలేదు. నా గోళ్లన్నీ అయిపోయాయి.

శనివారం పరీక్ష. కంప్యూటరు మీద రాస్తారు, చదివే భాగం మార్కు అక్కడికక్కడే తెర మీద చూపిస్తుంది. నేను పరీక్ష కేంద్రానికి ఎదురుగా బస్టాపు బల్ల మీద మూడు గంటలు కూర్చున్నాను. పదకొండు బస్సులు ఆగి నన్ను ఎక్కమని చూసి వెళ్లిపోయాయి. చివరికి ఆయన తల వంచుకుని, ఏదో ఆలోచిస్తూ మెట్లు దిగొచ్చారు. నేను బల్ల మీద నుంచి లేచాను.

"ఏమైందండీ?"

"సముద్రం అడుగున ఒక చేపుంటుంది తెలుసా? అక్కడంతా చీకటి. దాని నెత్తి మీద చిన్న దీపం..."

"మార్కు!"

"ఆగు, చెప్పనీ. ఆ దీపం దానిది కాదు. అందులో కాపురముండే సూక్ష్మజీవులది. మరి ఆ రెండూ ఎప్పుడు కలిశాయన్నది గొడవ. ఒకాయనేమో..."

నా ఫోను మోగింది. అత్తగారు. నేను ఎత్తేలోపే ఆయన లాక్కుని, "అమ్మా, ఒక చేప..." అని మొదలుపెట్టారు. అవతల ఆవిడ "దీపమెలా వెలుగుతుందిరా నీళ్లలో?" అనడం నాకు వినబడుతూనే ఉంది. బస్టాపులో ఇద్దరు ముసలాళ్లు కూడా దగ్గరికి జరిగారు. నేను ఫోను వెనక్కి గుంజుకుని, ఆయన చొక్కా కాలరు పట్టుకున్నాను. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేదు.

"మార్కు చెప్తారా, నన్ను బస్సు కింద పడమంటారా?"

"ఇరవై ఐదు," అన్నారాయన. "చెప్పలేదా?"

కాలరు వదల్లేదు, అలాగే పట్టుకుని ఆయన భుజం మీద తల పెట్టి భోరుమన్నాను. ఫోనులోంచి అత్తగారి గొంతు చిన్నగా వస్తోంది. "అమ్మాయ్, తర్వాత ఏడుద్దువుగానీ, ముందు వాణ్ని ఆ చేప సంగతి పూర్తి చెయ్యనీ."