జాలరి వీధిలో కొత్త వరద గీత

జర్మనీలోని మైన్ నది మా ఊరి దగ్గర మెలిక తిరుగుతుంది. ఆ మెలికలోనే మా జాలరి వీధి. వెనక ద్రాక్షతోటల కొండ, ముందు నది. వరదొస్తే నీళ్ళు మా ఇళ్ళలోకి కాక ఇంకెక్కడికి పోతాయి? అందుకే ఇక్కడ ప్రతి గుమ్మం పక్కనా రాతి మీద గీతలుంటాయి, గీత పక్కన ఏడాది ఉంటుంది. అన్నిటికంటే పైగీత 1784 నాటిది. వరద తీశాక ఆ ఇంట్లో ఉండేవాళ్ళే తమ చేత్తో కొత్త గీత చెక్కాలి. చెక్కితే ఉంటున్నట్టు. బురద మాత్రం కడుక్కుని ఊరుకుంటే సామాను సర్దుకుంటున్నట్టు.

నేను రాతిపనివాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ గీతల్లో ఒక్కటీ నిజం కాదు. వీధి చదునుగా ఉంటుంది, నీళ్ళు అందరింటా ఒకే మట్టాన నిలుస్తాయి. అయినా పక్కింటి గీత చూసి, దానికి రెండు వేళ్ళు పైన చెక్కడం మాకు తాతల నాటి నుంచీ అలవాటు. పక్కవాడు మనకంటే ఎక్కువ కష్టపడ్డాడంటే ఎలా ఒప్పుకుంటాం?

ఈ జనవరి వరదలో ఇర్మెలా బేకరీ మునిగింది. ఆ అమ్మాయిది కొండ అవతలి ఊరు. ఏళ్ళుగా మూతబడి ఉన్న బేకరీని అద్దెకు తీసుకుని, మా వీధికి మళ్ళీ వేడి రొట్టె రుచి చూపించింది. మాంసం కొట్టూ చెప్పుల కొట్టూ ఎప్పుడో పైపేటకు పోయాయి. ఇదీ పోతే పొద్దున్నే తెరిచే తలుపు ఒక్కటీ మిగలదు. అందరూ గీతలు చెక్కేశారు. ఆమె గుమ్మం పక్క రాయి మాత్రం అలాగే ఉంది. నాకు భయం పట్టుకుంది.

"వెళ్ళిపోతుంది లేరా," అన్నాడు బేకరీ పక్కనే వైన్ కొట్టు నడిపే బుర్క్‌హార్డ్. "కొండోళ్ళకి నీళ్ళంటే గ్లాసులోవే."

"నువ్వు నోరు మూసుకుని వైన్ పొయ్యి."

తాగి తిన్నగా బేకరీకి వెళ్ళాను. ఇర్మెలా పొయ్యిలోంచి బురద తోడుతోంది.

"ఉలి కావాలా అమ్మాయ్?"

"ఎందుకు కిలియాన్ గారూ? శనివారం మా అన్నయ్య లారీ తెస్తానన్నాడు. పొయ్యి ఇటుకలన్నీ నానిపోయాయి."

"ఆరతాయి."

"ఆరకపోతే?"

ఉలీ సుత్తీ కిటికీ మీద పెట్టి, నదిని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. మర్నాటి నుంచి ఆమె పొగగొట్టంలోంచి సన్నగా పొగ రావడం మొదలైంది. పొయ్యిని ఆరబెడుతోందో, పాత సామాను తగలేస్తోందో అడిగే ధైర్యం లేకపోయింది.

శనివారం లారీ వచ్చింది. వీధంతా కిటికీల్లోకి చేరింది. అప్పుడు వినిపించింది, రాతి మీద ఉలి చప్పుడు.

పరిగెత్తాను. ఇర్మెలా స్టూలెక్కి చెక్కుతోంది. వాళ్ళన్నయ్య బిక్కమొహం వేసుకుని స్టూలు పట్టుకున్నాడు. ఆమె గోడ మీద బురద మరక నా నుదుటి దగ్గరుంది. బుర్క్‌హార్డ్ గీత దానికి రెండు వేళ్ళు పైన. ఇర్మెలా గీత దానికి కూడా రెండు వేళ్ళు పైన!

బుర్క్‌హార్డ్ ఏప్రన్‌తోనే బయటికొచ్చాడు. "ఇదెక్కడి అన్యాయం? మరక ఇక్కడుంటే నీళ్ళు అక్కడిదాకా ఎప్పుడొచ్చాయి?"

"మా ఇంట్లో వచ్చాయండీ."

"పచ్చి అబద్ధం!"

"మరి మీ గీతో?"

వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళలో నీళ్ళు ఆగలేదు. చుట్టపుచూపుగా వచ్చిన మనిషైతే నీళ్ళు నిలిచిన చోటే చెక్కేది.

"సామాను ఎక్కించనా?" అన్నాడు వాళ్ళన్నయ్య నీరసంగా.

"ఎక్కించేదేం లేదు. తిరిగెళ్ళి పిండి బస్తాలు పట్రా. పొయ్యి ఆరింది."

బుర్క్‌హార్డ్ వేలు చూపించాడు. "వచ్చే వరదకి చెప్తా నీ పని!"

"చెప్పండి," అంది ఇర్మెలా, ఉలి మీద దుమ్ము ఊదుతూ. "ఇక్కడే ఉంటాగా."