గవ్వల కళ్లు

బార్లీ చేలు తెల్లబడుతున్న రోజుల్లో ఇదూర్ ఊట పక్కనున్న అత్తవారి ఊరికి తిరిగొచ్చాడు. అప్పటికి అతని ఆస్తి ఇంత: ఉత్తరపు కొండల నుంచి మోసుకొచ్చిన సంచెడు నల్లరాయి, దక్షిణపు సముద్రం గవ్వలు గుప్పెడు, ఇంకా అరగని కాళ్లు రెండు, అత్త ఇంట్లో ఉంచి వెళ్లిన పెళ్లాం నషీ. చివరిది లెక్కలోంచి పోయిందని గడప దాటాకే తెలిసింది.

"నువ్వటు వెళ్లావు, ఇటు జ్వరమొచ్చింది. నిరుటి కోత కూడా చూళ్లేదు," అంది అత్త అర్గా, బార్లీ నూరుతున్న చెయ్యి ఆపకుండా. "జరుగు. నీ కాళ్ల కిందే ఉంది."

ఇదూర్ కిందికి చూశాడు. ఎర్రజాజు పూసిన గచ్చులో ఒక్కచోట, మనిషిని పాతి పూడ్చినంత మేర, తెల్లటి అతుకుంది. పక్కకి జరిగి సంచి దించాడు. ఏడుపొస్తుందేమోనని కాసేపు నిలబడ్డాడు. రాలేదు. దాహమేస్తే నీళ్లడిగి తాగాడు.

"కోతకి ముందు, అందరికీ చేసినట్టే, దాని తల గోతిలోంచి పైకి తీసి ఇంట్లో నిలపాలి. సున్నంతో ముఖం మెత్తడానికి దబూని పిలిచాను," అంది అర్గా. "కళ్లకి గవ్వలు కావాలి. తెచ్చావా?"

కావలసినవాడు ఎదురుగా ఉన్నప్పుడే ధర పలుకుతుంది. ఇదూర్ గవ్వలు బయటికి తియ్యలేదు.

"ఇస్తాను. తల నాకివ్వు అత్తా. సంచిలో పెట్టుకుపోతాను."

"బతికున్నప్పుడు నీ సంచిలో దానికి చోటు లేదు. చచ్చాక ఖాళీ అయిందా అల్లుడూ?"

"కావాలంటే నల్లరాయి మొత్తం తీసుకో."

"నెత్తిన కొట్టుకోనా? తల ఉండాలంటే కింద గచ్చుండాలి, ఇంట్లో గింజుండాలి. ఎప్పట్నించో ఊరి కట్టుబాటది. నీకూ గచ్చేసిన ఇల్లంటూ ఉంటే నీ పెళ్లాన్ని నువ్వు తీసుకుపో, నేనడ్డం రాను."

ఇదూర్ లెక్కేసుకున్నాడు. గచ్చుకి సున్నం కాల్చాలి. కాల్చడానికి మనుషులు కావాలి. వాళ్లకి బార్లీ పెట్టాలి. బార్లీ కావాలంటే కోతకి దిగాలి. మొత్తం మీద సరుకుతో ఊళ్లమీద ఒక తిరుగుడు నష్టం. ఒక తలకి ఒక తిరుగుడంటే గిట్టుతుందనుకున్నాడు. రెండు మంచి గవ్వలు ఏరి అత్త అరచేతిలో పెట్టాడు.

దబూ ముసలివాడు. పుర్రెని ఒళ్లో పెట్టుకుని తడి సున్నం మెత్తుతుంటే ఇదూర్ ఎదురుగా కూర్చుని చూశాడు.

"నషీ ఇలా ఉండదు."

"నేనెవరికి చేసినా ఇదే ముఖం నాయనా. నాలుగు రోజులు చూస్తే అదే అలవాటవుద్ది. సరే, ముక్కెలా ఉండేదో చెప్పు. అలాగే తిప్పుతాను."

ఇదూర్ ఏ రాయిలో ఏ వైపు నెర్రె ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ముక్కు గుర్తు రాలేదు.

"నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి," అన్నాడు.

కోతకి తన నల్లరాయి పెచ్చులే కొడవలికి బిగించుకున్నాడు. వెంట్రుకని నిలువునా చీల్చే పదును అని ఊరూరా చెప్పి అమ్మిన సరుకది. రెండోనాటి పొద్దెక్కేసరికి అంచంతా పెళ్లలు లేచిపోయింది. ఆడవాళ్లు పనలు కింద పెట్టి మరీ నవ్వారు.

"ఇదేంటి బావా, నీ సరుకు నువ్వెప్పుడూ వాడి చూళ్లేదా?" అంది నషీ చెల్లెలు తాబీ. "తోళ్లు కొయ్యడానికైతే బాగుంటది. బార్లీకి మా చెకుముకి రాయే."

"మరి ఏటేటా ఎందుకు కొన్నారు?"

"కొనకపోతే అక్క ఊరుకునేదా? గడపగడపకీ తిరిగేది. సరుకు పోతే మా ఆయన తొందరగా తిరిగొస్తాడు, తీసుకోండమ్మా అని ప్రాణం తీసేది."

సంచి ఖాళీ అయిన మర్నాడే అతను దారి పట్టేవాడు. ఆ సంగతి నషీకి తట్టలేదో, తట్టినా చెప్పలేదో. ఇదూర్ విరిగిన పెచ్చులు ఊడబీకి, తాబీ దగ్గర చెకుముకి రాళ్లు తీసుకుని బిగించాడు. సాయంత్రం దాకా కోశాడు. చెయ్యి బొబ్బలెక్కింది. నొప్పి ఎవరి చేతిదో అన్నట్టుంది.

ఎండలు తగ్గేసరికి అతనికి నాలుగు గోడలు లేచాయి, నేల గచ్చయింది. అర్గా తలని తనే ఆ ఇంటికి ఎత్తుకొచ్చింది.

"మాటంటే మాటే. తీసుకుపో. చిత్తడి కాకముందే కదులు."

ఇదూర్ చేతుల్లోకి తీసుకున్నాడు. రాయి సంచికన్నా బరువనిపించింది. బయట మొదటి జల్లు పడుతోంది.

"గింజ?" అన్నాడు, కోతలో తన వంతుకొచ్చిన బార్లీ బుట్ట మూలనుంటే చూసి.

"చల్లేవాడుంటే మొలుస్తది. లేకపోతే మేకలు తింటాయి. ఇక ఇల్లంటావా, గింజ లేని ఇంట్లో తలుండదు, తల లేని ఇంటికి గచ్చెందుకు?" అర్గా తలుపుకి కట్టిన చాప పక్కకి లాగి వాన చూసింది. "నాకేం, నీ ఇష్టం."

బేరంలో తనని ఎవరూ ఇంత శుభ్రంగా ముంచలేదని ఇదూర్‌కి అప్పుడర్థమైంది. కోపం కోసం వెతికాడు. అదీ లేదు. తలని గుమ్మానికి ఎదురుగా గచ్చు మీద పెట్టి, గింజ చల్లడానికి బుట్ట చంకనెత్తుకుని వానలోకి నడిచాడు.

ఆ ఏడు లెక్క తేలింది. పోయింది దారి. సంచిలో సరుకు సగానికి పైగా అలాగే మిగిలింది, గడపగడపకీ తిప్పేవాళ్లు లేక. వచ్చినవి నాలుగు గోడలు, ఒక ముక్క చేను, నషీ అని ఊరంతా అంటున్న ఒక ముఖం, అందులోంచి అతనికేసి చూసే అతని గవ్వలు రెండు.