ఖాళీ కుర్చీల గురువారం

సత్యానందం సారుకు వారంలో ఆరు రోజులు చాక్‌పీసు, ఏడో రోజు బైబిలు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ వెనక ఉన్న ఆ పొడుగాటి హాలే ఆరు రోజులూ బడి, ఆదివారం గుడి. శనివారం సాయంత్రం బోర్డు మీద ఎక్కాలు తుడిచి కీర్తనల నంబర్లు రాస్తాడు. సోమవారం పొద్దున నంబర్లు తుడిచి ఎక్కాలు రాస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. ఎప్పుడైనా తుడవడం మర్చిపోతే పిల్లలు మూడో ఎక్కంతో పాటు ఆ నంబర్లు కూడా బట్టీ పట్టేసేవాళ్ళు.

క్రైస్తవుల్లో వాళ్ళది మెన్నొనైట్ సంఘం. తక్కిన సంఘాలవాళ్ళు వీళ్ళని చూసి నవ్వుకునే సంగతులు కొన్ని ఉన్నాయి. కొట్టినా తిరగబడరు. కోర్టులో ప్రమాణం చెయ్యరు. ఒకసారి గట్టు తగాదాలో సాక్ష్యానికి పిలిస్తే సార్ బోనెక్కి, “ప్రమాణం చెయ్యనయ్యా. నా నోట అవునంటే అవును, కాదంటే కాదు. ఊరికే అడగండి, చెప్తా” అన్నాడు. జడ్జిగారు అలాగే రాసుకున్నారు. ఆ రోజు నుంచి బజారులో ఒక మాట పుట్టింది, సత్యానందం సార్ చెప్పినాక కాయితం అడగక్కర్లేదని. సారుకు ఆ మాట చాలా ఇష్టం. ఇష్టమని ఎవరికీ తెలియనివ్వలేదు గానీ, ఇష్టమే.

ఏడాదికోసారి, ఏసును సిలువ వేసిన మంచి శుక్రవారానికి ముందటి గురువారం సాయంత్రం నాలుగింటికి, ఆయన శిష్యుల కాళ్ళు కడిగిన గుర్తుగా ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు. మగవాళ్ళవి మగవాళ్ళు, ఆడవాళ్ళవి ఆడవాళ్ళు. ఊరొదిలి పోయి జాడ తెలియని వాళ్ళకు కూడా కుర్చీ వేస్తారు. ఆ ఖాళీ కుర్చీ ముందు స్టీలు బేసిన్ పెట్టి సార్ చెంబుతో నీళ్ళు పోస్తాడు. ఆ మనిషి బతికుంటే నీళ్ళు ఊరికే బేసిన్‌లో పడతాయి. పోయి ఉంటే కాళ్ళు వచ్చి ఆ నీళ్ళలో నిలబడతాయి, చీలమండల దాకా. పోసినవాళ్ళకే కనపడతాయి, పోసినవాళ్ళ చేతికే తగులుతాయి. కడిగి, తుడిచి, ఇంటివాళ్ళకు చెప్తారు. వాళ్ళు ఇంటికెళ్ళి ఏడ్చుకుని, గోడకు ఫోటో తగిలిస్తారు. ఇంటివాళ్ళకు తెలిశాక ఆ కాళ్ళు మళ్ళీ రావు.

మహేంద్ర కాళ్ళు మాత్రం ఏడేళ్ళుగా వస్తున్నాయి.

మహేంద్ర సార్ దగ్గర ఐదో తరగతి దాకా చదివాడు, పలకల గనిలో పనిచేశాడు. అక్కడే రాయి పడి ఎడమ కాలి చిటికెన వేలు పోయింది. తర్వాత బెంగుళూరు తాపీ పనికి వెళ్ళాడు, మూడో నెల నుంచి ఫోను మోగలేదు. ఆ ఏటి గురువారానికి అతని భార్య రాజకుమారికి నెలలు నిండి ఉన్నాయి. అంతకు ముందు రెండు కాన్పులు దక్కలేదు. సార్ నీళ్ళు పోశాడు. చిటికెన వేలు లేని కాలు బేసిన్‌లో కనపడింది. తలెత్తితే ఎదుటి వరసలో రాజకుమారి పొట్ట మీద చెయ్యేసుకుని చూస్తోంది.

“వచ్చినాడా సార్?”

“రాలేదమ్మా.”

కాన్పు అయ్యాక చెప్దామనుకున్నాడు. ఆడపిల్ల పుట్టింది, బలహీనంగా ఉంది. కాస్త కోలుకున్నాక చెప్దామనుకున్నాడు. ఈలోపు మరో గురువారం వచ్చింది. అప్పుడు చెప్తే పోయినేడు ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. అలా ఒక అబద్ధాన్ని మోయడానికి ఏడాదికొకటి చొప్పున ఆడుతూ వచ్చాడు. ఆ పిల్లను బడిలో చేర్చుకున్న రోజు దరఖాస్తు కూడా ఆయనే నింపాడు. తండ్రి పేరు దగ్గర మహేంద్ర అని రాసి, ముందు ‘లేటు’ అని రాయకుండా వదిలేశాడు.

అప్పటి నుంచి పొద్దున హాలు తలుపు తీస్తే నాపరాళ్ళ మీద తడి అడుగులు కనపడుతున్నాయి. గుమ్మం నుంచి ఆ పిల్ల కూర్చునే బల్ల దాకా వచ్చి ఆగుతాయి. ఎడమ అడుగుకు చిటికెన వేలు ఉండదు. పిల్లలు రాకముందే సార్ బోర్డు గుడ్డతో మోకాళ్ళ మీద కూర్చుని తుడుస్తాడు. ఒకరోజు మహేంద్ర కూతురు తొందరగా వచ్చి, తుడవని అడుగులో తన పాదం పెట్టి చూసుకుంది.

“ఇది ఎవరిది సార్?”

“బిందె కారిందిలే తల్లీ.”

ఈ ఏడు గురువారం పొద్దున వెంకటేష్ వచ్చాడు. రాజకుమారి వాళ్ళ వీధిలోనే ఆటో నడుపుతాడు. ఆమెను ఫ్యాక్టరీ దగ్గర, పిల్లను బడి దగ్గర దించేది అతనే. రెండేళ్ళుగా పెళ్ళి మాట అడుగుతున్నాడు, ఆమె కాదంటోంది.

“సార్, ఆటో అమ్మకానికి పెట్టినా. రేపు బెంగుళూరు పోతాండా.”

“ఎందుకురా?”

“మహేంద్రన్నను ఎతికేదానికి. మొగుడు బతికుండంగ ఇంకొకరిని ఎట్ల చేసుకునేది అంటది రాజకుమారి. దాంట్లో తప్పేముంది? ఆయన దొరికి, నేను రాను, మీ బతుకు మీరు చూసుకోండి అంటే సరి. లేదు వస్తా అన్నాడనుకో, నేనే ఆటోలో...” అని ఆగి నవ్వాడు. “ఆటో ఉండదు గదా. బస్సులో తీసుకొచ్చి ఇంటికాడ దించుతా.”

“అంత ఊళ్ళో ఏడని ఎతుకుతావు వెంకటేషూ?”

“బతికున్న మనిషి యాడో ఒకచోట ఉంటాడు గదా సార్. మీరు చెప్పినారు గదా.”

వెంకటేష్ వెళ్ళాక సార్ ఆ రోజు అడుగులు తుడవకుండానే గుడ్డ పక్కన పడేశాడు.

నాలుగింటికి జనం వచ్చారు. ఆ ఏడు ఖాళీ కుర్చీలు రెండే. ఒకటి సంఘపెద్ద ఎర్రయ్య కొడుకు శివది. అతను లారీల మీద పోయి రెండేళ్ళుగా ఇంటి మొహం చూడలేదు. రెండోది మహేంద్రది. వచ్చినవాళ్ళవి అయ్యాక సార్ బేసిన్ తెచ్చి మహేంద్ర కుర్చీ ముందు పెట్టాడు. చెంబు ఎత్తబోయి, ఆగాడు.

“రాజకుమారీ, ఇట్ల రామ్మా. నువ్వు నీళ్ళు పొయ్యి.”

హాలంతా గుసగుసలు. ఎర్రయ్య లేచాడు. “సారూ, మగమనిషి కుర్చీ అది. ఆడమనిషి చేత...”

“నేను పోస్తే లాభం లేదు ఎర్రయ్యన్నా. నా మాట చెడిపోయింది.”

రాజకుమారి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. చెంబు వంచింది. సార్ బేసిన్ వైపు చూడలేదు, చూసినా ఆయనకు కాళ్ళు కనపడవు. ఆమె మొహమే చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళలోకి వెళ్ళిన ఆమె చెయ్యి ఒకచోట ఆగింది. వేళ్ళు ఎడమ కాలి మీదికి జరిగి, చివరన వేలు ఉండాల్సిన చోట తడిమాయి. ఆమె ఏడవలేదు. మడమలు రుద్దింది, వేళ్ళ సందులు రుద్దింది, దూరాన పనిచేసి వచ్చిన మనిషికి కడిగినట్టు కడిగింది. సార్ అందించిన తువ్వాలు తీసుకోకుండా కొంగుతో తుడిచింది.

“ఎన్నేండ్లాయె సార్?”

“ఏడు. మొదటి గురువారమే వచ్చినాడు. నీకు నెలలు నిండినాయని...”

“నెలలు నిండింది ఒక్క ఏడే గదా సార్.”

ఆమె తీసుకోని తువ్వాలును సార్ మడత పెట్టాడు.

“ఇన్నేండ్లూ దినం ఫోన్ చేసినా నేను,” అంది ఆమె లేస్తూ. “స్విచ్చాఫ్ అని వచ్చినా దినం చేసినా. ఇంకమీదట మీరు అవునన్నా నేను కాయితం అడుగుతా సార్.”

గట్టిగా కూడా అనలేదు. కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. రోజూ ఆటో ఎక్కేటప్పుడు ఆమె “ఇంటికాడ దించు” అంటుందని వీధిలో అందరూ ఎరుగుదురు. ఆ సాయంత్రం బయట ఆగి ఉన్న వెంకటేష్ ఆటో దగ్గర ఆమె అన్న మాట కిటికీలోంచి హాలులోకి వినపడింది.

“రేపు యాడికీ పోవద్దు నువ్వు. పా, ఇంటికి పోదాం.”

ఆటో శబ్దం సందు మలుపు తిరిగింది.

మిగిలింది శివ కుర్చీ. సార్ బేసిన్ ఖాళీ చేసి, కొత్త నీళ్ళు పట్టి, చెంబు తీసుకుని అక్కడికి నడిచాడు. ఎర్రయ్య ఎదురొచ్చాడు. ముప్ఫై ఏళ్ళ స్నేహం వాళ్ళది. ఎర్రయ్య చెయ్యి చాపి, ఎంతో మెల్లగా, సార్ చేతిలోని చెంబు తీసుకున్నాడు.

“నా కొడుక్కి నేను పోసుకుంటాలే సారూ.”

పోశాడు. వంగి చాలాసేపు చూశాడు. చెయ్యి పెట్టి కూడా వెతికాడు. “రాలేదు,” అన్నాడు. జనం ఊపిరి వదిలారు. సార్ వైపు తిరిగి నిజమేనా అన్నట్టు చూసినవాళ్ళు ఆ రోజు ఒక్కరూ లేరు.

ఎర్రయ్య బేసిన్ పక్కకు జరిపి, నేల మీదే కూర్చుని, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

“కూర్చోండి సారూ. మీ కాళ్ళు మిగిలినాయి.”

సార్ చుట్టూ చూశాడు. శివ కుర్చీ ఎర్రయ్య ముందే ఉంది గానీ, ఇంకా రావాల్సిన మనిషి కుర్చీలో కూర్చోవడానికి సారుకు ధైర్యం చాల్లేదు. వెళ్ళి మహేంద్ర కుర్చీలో కూర్చున్నాడు, ఇకమీదట ఎవరూ రాని కుర్చీ అదొక్కటే.