కాలువలోకి వదిలిన నీళ్లు

1988 వేసవిలో భీమిలి దగ్గర సన్యాసిరాజు చెరువులో రొయ్యలకు తెగులు సోకింది. మొప్పలు నల్లబడి, గట్టుకు చేరి చచ్చిపోతున్నాయి. ఇది బాక్టీరియా తెగులనీ, ఆ నీళ్లు బయటికి వదలొద్దనీ ఫిషరీస్ ఆఫీసరు చెప్పాడు. నీళ్లు మారిస్తే మిగిలినవైనా దక్కుతాయన్న ఆశతో రాజు తూము తలుపెత్తి, నీళ్లన్నీ కాలువలోకి వదిలేశాడు. దిగువనున్న స్నేహితుడు ఖాజా చెరువుకూ ఆ కాలువ నీళ్లే.

వారం తర్వాత ఖాజా సైకిల్ మీద, తెగులు పోవడానికి చెరువులో చల్లే సున్నం బస్తా వేసుకొచ్చాడు.

"నా సెరువు మొత్తం పోనాది బావా. ఈ సున్నం నాకింకెందుకు? నీకైనా పనికొత్తాది, సల్లుకో."

నిజం రాజు గొంతు దాకా వచ్చింది.

"టీ తాగీసెల్లు బావా" అన్నాడు.

ఆ ఏడే ఖాజా చెరువు వదులుకుని పట్నంలోని ఓల్డ్ టౌన్‌లో కొట్టు పెట్టుకున్నాడు. రాజు రెండుసార్లు ఆ వీధి దాకా వెళ్లి కూడా, కొట్టు గుమ్మం ఎక్కలేక తిరిగొచ్చేశాడు.