కెజేటియా సంతలో దారి తెలిసినవాడు

కుమాసిలోనే పుట్టి పెరిగిన బొయాహెన్‌కు ఒకరిని దారి అడగాలంటే తల తీసేసినట్టుండేది. ఆ శనివారం అక్రా నుంచి వచ్చిన స్నేహితులు సెర్వా, ఒపోంగ్‌లను కెజేటియా సంత చూపిస్తానని వెంటబెట్టుకెళ్లాడు.

"ఈ సంత నా అరచేయిరా," అన్నాడు.

గంటన్నర తిరిగాక, ఎండుచేపలమ్మే ముసలామె కొట్టు ముందుకే మూడోసారి వచ్చి పడ్డారు.

"ఏం నాయనా, తప్పిపోయారా?" అందామె.

"లేదమ్మా, నీ చేపల కోసమే వచ్చాం," అని పరువు కోసం బారెడు చేప కొన్నాడు బొయాహెన్.

"నీ అరచేతిలో బయటికి పోయే గీత ఏదిరా?" అంది సెర్వా. ఒపోంగ్ అప్పటికే నేలమీద కూలబడ్డాడు.

ముసలామె జాలిపడి, కొట్టు పక్కావిడకు అప్పజెప్పి లేచింది. బొయాహెన్ ఆమెకన్నా ఒకడుగు ముందే నడిచాడు, ఆమె ఎటు తిరుగుతుందో ఓరకంట చూసుకుంటూ. నాలుగు మలుపుల్లో రోడ్డు కనబడింది.

"పెద్దావిడ కదా, ఈ జనంలో ఒంటరిగా ఎలా వస్తుందని తోడొచ్చాను," అన్నాడు స్నేహితులతో, చంకలో చేప సర్దుకుంటూ.

"చల్లగా ఉండు నాయనా! మరి నన్ను మళ్లీ కొట్టుదాకా దిగబెట్టవూ?" అందామె.

బొయాహెన్‌కు ఉన్నట్టుండి ఎక్కడలేని ఆకలి వేసింది.