పదింటికి కాలే పెట్టె

ఏరు పొంగి ఆసుపత్రి కింది అంతస్తు మునిగిన తర్వాత మూడో ఏడు అది. మేడమీద మిషన్ల గదిలో నూట నలభై లైనక్స్ సర్వర్లుండేవి. వాటి పనంతా ఒక్క మెయిన్‌ఫ్రేమ్‌లోకి మారుస్తున్నారు. బీరువా అంత నల్ల పెట్టెలో ఇమిడిన పెద్ద కంప్యూటర్ అది. ఏసీ మేస్త్రీ రోజూ దాని వీపు తడిమి చూసేవాడు. వేడి ఉంది గాని, నూట నలభై పెట్టెల వేడి లేదు. ఇంత బరువు మోసేదానికి చెమట పట్టదేమిటని అతడికి అనుమానం.

ఇంకో అనుమానమూ ఉంది. గదికి ఆరు ఏసీలు. సర్వర్లు పోతే ఒకటి చాలు. ఒక ఏసీకి మేస్త్రీ ఎందుకు? ఆ మాట ఎవరూ అనలేదు. అనకపోవడమే అతణ్ణి తినేస్తోంది.

మార్చే పనికి పెద్ద అతడి మేనల్లుడే. నూట ముప్ఫై పెట్టెలు పీకేశాడు.

"మిగతా పదీ ఖాళీయే మామయ్యా. రేపు పదిన్నరకి పీకేసి డిస్కులు తుడిచేస్తాం."

"ఆ మూలది ఖాళీ కాలేదు."

"ఎవరు చెప్పారు?"

"నా చెయ్యి. తక్కినవి గోరువెచ్చగా ఉంటున్నాయి. అది పదింటికి కాలుతుంది, ఒంటిగంటకి చల్లారుతుంది. వారంగా చూస్తున్నా. ఖాళీదానికి వేళాపాళా ఉంటుందిరా?"

"దాన్లోదంతా పెద్దదాన్లోకి ఎక్కించా. సరిచూశా కూడా. నా మీదే అనుమానమా?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?"

మేనల్లుడు నవ్వాడు. ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

"మరి నీ సంగతో? పెట్టె ఉంటే ఏసీలుంటాయి, ఏసీలుంటే నువ్వుంటావు. ఆ మాత్రం తెలీని వెర్రివాణ్ణా?"

మేస్త్రీ ఇంటికి పోయి తన అరచేతినే తిప్పి తిప్పి చూసుకున్నాడు. పని పోతుందన్న భయం ఈ చేతి చేత కూడా అబద్ధమాడిస్తోందా? కాకపోతే? రోగుల చీట్లు ఆ పెట్టెలోనే పడుతుంటే? తుడిచిన డిస్కు మళ్లీ పలకదు.

మర్నాడు పొద్దున్నే వచ్చి ఐదు ఏసీలు ఆపేశాడు. వంకర అక్షరాలతో "ఐదూ అక్కర్లేదు" అని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, తాళాలతో సహా మేనల్లుడి బల్ల మీద పెట్టాడు. పది దాటాక మేనల్లుడి దగ్గరికి వచ్చాడు.

"నా పని అయిపోయింది. ఇక ఆ పెట్టెతో నాకు లాభం లేదు. పది దాటింది, వచ్చి చెయ్యి పెట్టు."

మేనల్లుడు పెట్టాడు, చురుక్కుమనగానే తీశాడు. పక్క పెట్టెలు గోరువెచ్చగానే ఉన్నాయి. తెర ముందు కూర్చుని కాసేపు వెతికాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"పదినించి ఒంటిగంట దాకా డాక్టర్ల గదుల్లో రాసే చీట్లు ఇంకా దీన్లోకే వస్తున్నాయి మామయ్యా. పాత దారి మార్చడం మరిచాను."

మేస్త్రీ మిగిలిన ఒక్క ఏసీ గాలిని ఆ మూలకు తిప్పి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.