బొగ్గు గీత గుడ్లు

వాగు పొంగి మా కోళ్లగూడును ఎత్తుకుపోయిన ఏడాది అది. చదువుకున్నవాళ్లు అరవై రెండు అంటారు. నాకు వాగే లెక్క.

గూడుతో పాటు ఏడు కోళ్లూ పోయాయి. గొర్రెలను మాత్రం గుట్ట మీదికి తోలి దక్కించుకున్నాను. నా భార్య గుర్వమ్మ గొర్రెల గురించి ఒక్క మాటా అడగలేదు. రెండు రోజులు ఉత్త వాకిలి వైపే చూస్తూ కూర్చుంది. ఆ కోళ్లు వాళ్లమ్మ ఇచ్చిన జాతి. పెళ్లయి మా ఇంటికి వచ్చిన నాడు రామన్నపేట నుంచి ఒక నల్లపెట్టను చంకలో పెట్టుకుని నడిచి వచ్చింది. వాళ్లమ్మ ఈ వాగు పొంగడానికి ముందటి ఎండాకాలమే పోయింది. పుట్టింటిది అని చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

మూడో రోజు జొన్నల కుండలో చెయ్యి పెట్టి "ఉన్నయ్!" అని అరిచింది. తను దాచిన గుడ్లు, తొమ్మిది.

పక్కింటి అండాలవ్వ కోడి అప్పటికి రెండు రోజులుగా నాలుగు గుడ్లను పొదుగుతోంది. గుర్వమ్మ ఆ కోడిని గంపతో సహా అడిగి మా ఇంట్లోకి తెచ్చుకుంది. మా గుడ్లకు గుర్తుగా బొగ్గుతో గీత గీసి, ఉరుములకు చెడిపోకుండా ఒక ఇనుప ముక్క వేసి, అదే కోడి కింద పెట్టింది. ఇనుప ముక్క వేసినా ఉరుములు ఊరుకోలేదు. పిల్లలయ్యే రోజులు దగ్గరపడ్డాక గోరువెచ్చని నీళ్లలో వేసి చూస్తే మావి రెండే కదిలాయి.

అండాలవ్వ నాలుగు గుడ్లూ ముందే పగిలి, పిల్లలు గంపలో తిరుగుతున్నాయి. మావి రెండూ పొద్దున చిన్న చిల్లి పెట్టుకుని, లోపలే కీచుమంటూ ఆగిపోయాయి. గుర్వమ్మ కలుపుకు పోయింది. మందను మా తమ్ముడు మల్లన్నకు అప్పజెప్పి నేను కాపలా ఉన్నాను. కోడేమో లేచి పోదామని చూస్తోంది.

నాకు తెలిసిన పని ఒకటే. గొర్రె ఈనలేక పెనుగులాడితే చెయ్యి పెట్టి పిల్లను గుంజుతాను. ఆలస్యం చేస్తే తల్లీ పిల్లా పోతాయి. గుడ్డుకూ అంతే అనుకున్నాను. గోటితో ఒక గుడ్డు పెంకు ఒలిచాను. నెత్తురు వచ్చింది. అయినా ఆపకుండా గుంజాను. పచ్చసొన ఇంకా కడుపు బయటే ఉంది. పిల్ల నా అరచేతిలో రెండు మార్లు నోరు తెరిచి, ఆగిపోయింది.

గుర్వమ్మ వచ్చేసరికి అది నా చేతిలోనే ఉంది.

"ఏం జేసినవ్?"

"గుంజిన."

"గొర్రె అనుకున్నవా?"

"ఊఁ."

గుర్వమ్మ గోడ మీంచి అండాలవ్వను పిలిచింది. అండాలవ్వ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఓరి బీరప్పా, గొర్లకైతే నువ్వు మంత్రసానివే కొడుకా. కోడికి నిన్నెవడు పిలిసిండురా? నావి రెండొద్దులు ముందుగాల పెట్టినయ్. మీవి ఇంక సొన గుంజుకుంటున్నయ్. సొన కడుపులకు పోయినంకనే అది బయటికొస్తది."

"ఇగ నాకు గిదొక్కటే అవ్వా" అంటూ గుర్వమ్మ రెండో గుడ్డును చేతికి తీసుకుంది. లోపల కీచు సన్నబడింది. ఆమె గోరు పెంకు మీదికి పోయింది. "సప్పుడు తగ్గుతాంది. జరంత తీస్త."

నేను ఆమె చేతి మీద చెయ్యి పెట్టాను. "తియ్యకే."

"ఒకదాన్ని సంపినోనివి, నువ్వు జెప్తవా నాకు?"

"సంపిన గనుకనే జెప్తున్న."

అండాలవ్వ పకపకా నవ్వింది. "మీ పెండ్లయినకాడికెల్లి వీడు గింత పెద్ద ముచ్చట జెప్పంగ ఇయ్యాల్నే విన్ననే పిల్లా."

గుర్వమ్మకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లతోనే. గుడ్డును తిరిగి కోడి కింద పెట్టింది. పిల్లలు ఎదురుగా ఉంటే కోడి కూర్చోదని అండాలవ్వ తన నాలుగింటినీ గొంగడి ముక్కలో చుట్టుకుని తీసుకుపోయింది. పోతూ పోతూ, "నీ మొగని చేతులు గట్టేసి పెట్టు" అని చెప్పింది.

నేను కోడి మీద ఇంకో గంప బోర్లించాను. గుర్వమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. గంప ముట్టకుండా పట్టుకుందో, మరెందుకో, నేను అడగలేదు.

దీపం పెట్టే వేళకు గంపలో కీచు గట్టిగా వినిపించింది. ఎత్తి చూస్తే పెంకు రెండు ముక్కలై ఉంది. కోడి రెక్క కింద తడి నల్ల తల.

"మా అమ్మ కోడే" అంది గుర్వమ్మ. ఇంకా చెయ్యి వదల్లేదు.

తెల్లవారి అండాలవ్వ తన పిల్లల్ని తెచ్చి కలిపింది. కోడి గడప దాటి వాకిట్లోకి దిగి పిలిచింది. నాలుగు పిల్లలూ ఎగిరి దాటాయి. మాది ఎగిరింది, రొమ్ము తగిలి వెనక్కి పడింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ పడింది. గుర్వమ్మ చెయ్యి చాపబోయి ఆగి, నా ముఖం చూసింది.

నేను దొడ్లోకి పోయి, పలచటి బండ ఒకటి మోసుకొచ్చి, గడప లోపలి వైపు ఆనించి మెట్టులా వేశాను.